వాయవ్యం మూల బంతి

అపార్ట్‌మెంట్లలో యుటిలిటీ అనే జాగా ఒకటి ఉంటుంది. వంటింటి వెనక తలుపు తీస్తే వస్తుంది. అందులో వాషింగ్ మిషను పెడితే మనిషి పట్టడు. మనిషి నిలబడితే బకెట్టు పట్టదు. రెండూ ఎలాగో పట్టించి దుప్పటి ఆరేద్దామంటే, తడి దుప్పటి మొహానికి చుట్టుకుని ఊపిరాడనివ్వదు. నీళ్లు పోవడానికని నేలను ఒక మూలకు వాలుగా కడతారు కాబట్టి సబ్బు, బ్రష్షు, చెప్పులు అన్నీ సాయంత్రానికి అదే మూలకు చేరి సమావేశం పెట్టుకుంటాయి. బ్రోచరులో మాత్రం ఆ జాగాలో ఒకావిడ నవ్వుతూ నిలబడి ఉంటుంది. ఆవిడ చేతిలో ఏమీ ఉండదు. ఉంటే పట్టదు.

ఇబ్రహీంపట్నం నుంచి శేరిగూడ వెళ్లే దారిలో, ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో, అలాంటి యుటిలిటీలో పదమూడేళ్ల శ్రీసుధ తొమ్మిది నెలలుగా బాస్కెట్‌బాల్ ఆడుతోంది. కుడిపక్క వాషింగ్ మిషను, ఎడమపక్క గ్యాసు సిలిండరు, వెనక చీపుళ్లు, బియ్యం డబ్బా. ఇవన్నీ పోను మిగిలింది నాలుగు పలకలు. ఆ నాలుగు పలకల చుట్టూ సుద్దముక్కతో గీసిన గీత. గీసింది వాళ్ల నాన్న తాతారావు.

తాతారావు పన్నెండేళ్ల కిందట రామచంద్రపురం నుంచి వచ్చి శేరిగూడలో ఒక ఇంజినీరింగు కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటుగా కుదిరాడు. రింగ్ రోడ్డు వస్తోందని ఊరంతా అంటున్నప్పుడు ఈ ఫ్లాటు కొన్నాడు. కొన్నరోజు నుంచీ దాన్ని అమ్మేరోజు కోసం కాపాడుతున్నాడు. ఫ్రిజ్జుకు షాపువాడు చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. గోడకు మేకు కొట్టనివ్వడు. దేవుడి పటాలు కూడా గోడకు ఆనించి నేలమీదే ఉంటాయి. దేవుళ్లు అద్దెకున్నవాళ్లలా సర్దుకుపోతున్నారు.

ఆయనకు ఒక్కటే బలహీనత. ఏ ఫారంలోనైనా ఖాళీ కాలమ్ కనిపిస్తే అన్నం సహించదు. పోయినేడు అడ్మిషన్ల రోజుల్లో రెండు వేల ఫారాలు ఆయన చేతుల మీదుగా వెళ్లాయి. ప్రతిదానిలోనూ "స్పోర్ట్స్ కోటా" అని ఒక కాలమ్. దాదాపు అన్నిటిలోనూ గీతే కొట్టి ఉంది. తన కూతురు ఫారంలో కూడా రేపు ఆ గీతే పడుతుందన్న ఆలోచన ఆయన్ని వారం రోజులు తినేసింది. ఎనిమిదో రోజు బాస్కెట్‌బాల్ కొనుక్కొచ్చాడు. క్రికెట్ ఎందుకు కాదంటే క్రికెట్‌కు పోటీ ఎక్కువట. బాస్కెట్‌బాల్ అయితే ఎత్తు కూడా పెరుగుతుందని భార్య కనకరత్నం ఒప్పుకుంది.

బంతి ఇంట్లోకి వచ్చాకే అసలు సంగతి తెలిసింది. దాన్ని నేలకేసి కొట్టాలి.

హాల్లో శ్రీసుధ ఒక్కసారి కొట్టింది. తాతారావు పేపరు వదిలేసి బంతి మీద పడ్డాడు. "విట్రిఫైడ్ పలకలే తల్లీ! రేపు కొనేవాడు వంగి చూస్తాడు!" అన్నాడు. బెడ్రూములో కొడితే కింద ఫ్లాటు వాళ్లు ఊరుకోరు. ముందు బాల్కనీలో కొడితే ఎవరి కారు మీదో పడుతుంది. టెర్రస్ మీద సెల్ టవర్ కట్టి తాళం వేశారు. చివరికి రాజమండ్రిలో ఉన్న సిద్ధాంతిగారికి ఫోను చేశాడు. తాతారావు ఏ పనైనా ఆయన్ని అడిగే చేస్తాడు. సిద్ధాంతిగారు ఈ ఫ్లాటును ఎప్పుడూ చూడలేదు. చూడకుండానే ఇప్పటికి రెండు తలుపులు మార్పించారు.

"బంతిలో ఏవుంటుంది తాతారావూ?" అన్నారు సిద్ధాంతి.

"గాలండీ."

"గాలికి మూల ఏది?"

"వాయవ్యవండీ."

"మరి నన్నడుగుతావేంటయ్యా? తెలిసిన విషయానికి ఎస్టీడీ ఖర్చొకటి!"

తాతారావు దిక్సూచి తీసుకుని ఇల్లంతా తిరిగాడు. ముల్లు తిరిగి తిరిగి వాయవ్యం అంటే యుటిలిటీ అని తేల్చింది. ఆయన టేపు పెట్టి కొలిచి, సుద్దగీత గీసి, కూతుర్ని మధ్యలో నిలబెట్టాడు.

"ఈ గీత దాటావనుకో, అటు నైరుతి తగులుతుంది. ఇక్కడున్నంతసేపూ నీకు తిరుగులేదు."

తిరుగు లేదన్నది నిజమే. తిరగడానికి చోటే లేదు. కనకరత్నం ఇల్లు తుడిచినప్పుడల్లా గీత చెరిగిపోయేది. ఆయన ఆఫీసు నుంచి రాగానే చొక్కా విప్పకముందే మళ్లీ గీసేవాడు.

బడిలో అయినా పరిగెత్తొచ్చని శ్రీసుధ ఆశపడింది. బడి ప్రకటనలో బాస్కెట్‌బాల్ కోర్టు ఫోటో ఉంది. ఫోటో తీశాక బడికి పిల్లలు పెరిగారు, పిల్లలతో పాటు బస్సులు పెరిగాయి. ఇప్పుడు కోర్టులో తొమ్మిది బస్సులు నిలబడతాయి. రింగుకు డ్రైవర్లు తువ్వాళ్లు ఆరేసుకుంటారు. పీఈటీ వైశాలి మేడం నాలుగో నంబరు బస్సుకూ ఐదో నంబరు బస్సుకూ మధ్య ఉన్న సందులో ఆట నేర్పేది.

వైశాలిది యాచారం. యూనివర్సిటీకి ఆడిన మనిషి. ఆ సందులో ఇంకేం నేర్పినా బస్సు అద్దం పగులుతుంది కాబట్టి మొదటి పాఠాలే మళ్లీ మళ్లీ నేర్పేది.

"రింగు దిక్కు సూడకు. రింగు యాడికి పోదు. ముందుగాల బాల్ నీ మాట వినాలె. అరచేత్తోని కొడుతున్నవేందే? గది బాలా, చపాతి పిండా? వేళ్లతోని కొట్టు. మోకాళ్లు వంచు. ఇగో, బాల్‌ను సూడకుంట చెప్పు, నేను ఎన్ని వేళ్లు సూపిస్తున్న?"

"మూడు మేడం."

"బాల్ యాడికి పోయింది?"

"బస్సు కిందకి మేడం."

"పో, తెచ్చుకో. మళ్ల కొట్టు, ఎడమ చేత్తోని."

ఒకరోజు ఆమె అడిగింది. "ఇంటికాడ ఎంత జాగుంది నీకు?"

"నాలుగు పలకలు మేడం."

వైశాలి ఆమె వేళ్లు పట్టుకుని చూసింది. "మంచిదే. ఇరుకుల చెయ్యి తయారైతది. కాళ్ల సంగతి తర్వాత సూద్దం."

ఆ తర్వాత అనేది తొమ్మిది నెలలైనా రాలేదు. చెయ్యి మాత్రం తయారైంది. వాలు నేల మీద బంతి ప్రతిసారీ నీళ్లు పోయే మూలకే పోదామని చూసేది. వేళ్ల కొసలతో దాన్ని వెనక్కి తిప్పడం శ్రీసుధకు అలవాటైంది. మోకాలి కంటే కింద కొట్టడం, కాళ్ల మధ్య ఎనిమిది అంకెలా తిప్పడం, వీపు వెనక నుంచి చెయ్యి మార్చడం, అన్నీ మోచెయ్యి మిషనుకు తగలకుండా వచ్చేశాయి. తల ఎత్తి ఆడడం మాత్రం వాళ్లమ్మ పుణ్యం.

"ఎలాగూ బంతిని చూడకూడదంటున్నావు కదే. ఆ పాలు చూస్తూ ఉండు," అనేసి కనకరత్నం వంటింట్లోంచి హాల్లోకి వెళ్లిపోయేది. శ్రీసుధ తలుపులోంచి స్టవ్వు మీదే కళ్లు పెట్టి, ఎడమచేత్తో బంతి కొడుతూ, పొంగు రాగానే "అమ్మా!" అని అరిచేది. తొమ్మిది నెలల్లో ఆ ఇంట్లో ఒక్కసారి కూడా పాలు పొంగి పోలేదు. ఆటల వల్ల ఉపయోగం ఉందని కనకరత్నం చుట్టాలందరికీ చెప్పింది.

సరిగ్గా కింద ఫ్లాటులో ఇంద్రమ్మ ఉంటుంది. ఈ అపార్ట్‌మెంటు నిలబడ్డ నేలలో ఒకప్పుడు ఆమె జొన్న వేసేది. నేల ఇచ్చినందుకు బిల్డరు ఆమెకు ఫ్లాటు, సెల్లారులో రెండు కార్ల పార్కింగు ఇచ్చాడు. కారు మాత్రం ఇవ్వలేదు. మొదటివారం ఆమె మెట్లెక్కి వచ్చింది.

"ఏందమ్మా, మీ ఇంట్ల పొద్దుమాపు ఏం దంచుతున్నరు?"

"బంతండీ పిన్నిగారూ. అమ్మాయి ఆట నేర్చుకుంటోంది," అంది కనకరత్నం.

"ఆటనా? యాడ?" అంటూ ఇంద్రమ్మ వంటిల్లు దాటి వెళ్లి యుటిలిటీలోకి తొంగి చూసింది. మిషనుకూ సిలిండరుకూ మధ్య వంగి నిలబడ్డ పిల్లను పైనుంచి కిందికి చూసింది. "గింత ఇరుకుల మేము బర్రెను గూడ కట్టెయ్యకపోతుంటిమి బిడ్డా," అని వెళ్లిపోయింది. పోట్లాటకు వచ్చిన మనిషి ఆ సంగతే మర్చిపోయింది. తర్వాత ఎప్పుడో శ్రీసుధకు జ్వరం వచ్చి రెండు రోజులు చప్పుడు ఆగితే ఆమే పైకి వచ్చి అడిగింది. "బంతి సప్పుడు లేదు, పోరి పానం మంచిగున్నదా?"

సంక్రాంతి సెలవులయ్యాక బడికి సర్క్యులర్ వచ్చింది. పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లలకు జిల్లా సెలక్షన్లు. ఆదివారం, శేరిగూడలో ఒక కాలేజీ గ్రౌండులో. తాతారావు దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"జిల్లా అంటే కాలమ్‌లో రాసుకోవచ్చు. సెలెక్టయ్యావా, ఆడుకో. కాలేదా, బంతి అటకెక్కుతుంది. ఆదివారాలు ఐఐటీ ఫౌండేషను. మా ఆఫీసులో మూర్తిగారబ్బాయి ఆరో క్లాసులోనే చేరాడు, మనం ఇప్పటికే రెండేళ్లు లేటు."

శ్రీసుధకు కాలమ్ సంగతి పట్టలేదు. ఆమెకు ఉన్నది ఒక్కటే కోరిక. బంతి కొట్టుకుంటూ కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కసారి పరిగెత్తాలి. బస్సులు లేని కోర్టులో. గీత లేని నేల మీద. బంతి అటకెక్కితే ఆ ఒక్కసారి కూడా లేదు.

ఆదివారం పొద్దున తాతారావు దిక్సూచితో సహా వచ్చాడు. కోర్టు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి కూతుర్ని పక్కకు పిలిచాడు.

"అదుగో, ఆ రింగు కింద ఎడం మూల. అదే వాయవ్యం. అక్కడ నిలబడ్డావంటే నిన్నెవరూ ఏమీ చెయ్యలేరు."

శ్రీసుధ వినలేదు. ఆమె నేలను చూస్తోంది. ఎంత నేల! ఒక మూలకు వాలు కూడా లేదు. బంతిని ఒకసారి కొట్టి చూసింది. అది బుద్ధిగా తిన్నగా చేతికే వచ్చింది. ఆమెకు భయమేసింది.

రెండు జట్లు చేశారు. శ్రీసుధకు ఎర్ర బనియను ఇచ్చారు. ఈల ఊదారు. రింగు కింద నుంచి ఎవరో బంతి విసిరితే శ్రీసుధ అందుకుంది. జల్‌పల్లి నుంచి వచ్చిన ఒక పొడుగు పిల్ల మీదకు దూకింది. శ్రీసుధ తల ఎత్తే ఉంచి బంతిని ఎడమ చేతిలోకి మార్చింది. ఆ పిల్ల చెయ్యి గాల్లో ఆడింది. ఇంకో పిల్ల వచ్చింది. బంతి కాళ్ల మధ్య నుంచి కుడి చేతిలోకి వచ్చింది. మూడో పిల్ల వెనకనుంచి వచ్చింది. బంతి వీపు వెనకగా తిరిగి ఎటు పోయిందో ఆ పిల్లకు అర్థం కాలేదు. గ్రౌండు చుట్టూ కూర్చున్నవాళ్లు తినడం ఆపేశారు. సెలక్షనుకు వచ్చిన ఇద్దరు సార్లలో నిద్రపోతున్నాయన కళ్లు తెరిచాడు.

ముగ్గురు ఆడపిల్లలు ఆమె చుట్టూ ఆయాసపడుతున్నారు. ఒక్కరి వేలు కూడా బంతికి తగల్లేదు.

ఈల పడింది. ఎనిమిది సెకన్లలో బంతి సగం కోర్టు దాటాలి. బంతి అంగుళం కూడా కదల్లేదు.

రెండోసారి కూడా అంతే. మూడోసారీ అంతే. "ముందటికి నడువే!" అని వైశాలి గీత బయటనుంచి గొంతు చించుకుంటోంది. "వాయవ్యం! వాయవ్యం!" అని తాతారావు అరుస్తున్నాడు. పక్కన కూర్చున్నవాళ్లు అది పిల్ల పేరనుకున్నారు.

సగం ఆట అయ్యాక వైశాలి ఆమె భుజాలు పట్టుకుంది. "ఏమైందే? ఎదురుంగ గింత జాగుంది, పోతలేవెందుకు?"

"కుడిపక్క వాషింగ్ మిషనుంది మేడం."

"యాడుందే?"

"ఇంట్లో."

వైశాలి తిట్టబోయి, పిల్ల ఎడమపక్కకు చూసింది. "ఎడమ దిక్కు?"

"సిలిండరు. ఫుల్లుగా ఉంది మేడం, నిన్ననే వచ్చింది."

రెండో సగంలో శ్రీసుధ పళ్లు బిగించి రెండడుగులు వేసింది. మూడో అడుగు దగ్గర, ఇంట్లో అయితే గీత ఉండే చోట, కాలు దానంతటదే ఆగిపోయింది. ఎదురుగా ఖాళీ కోర్టు ఎండలో తెల్లగా మెరుస్తోంది. మధ్యగీత ఇంకో పది అడుగుల్లో ఉంది. ఆమె అక్కడే నిలబడి, కళ్లనీళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, బంతి కొడుతూనే ఉండిపోయింది. కళ్లు మసకబారినా బంతి చేతికి తిన్నగా వస్తూనే ఉంది.

"ఈ పిల్ల దగ్గర బాల్ ఎవ్వలు గుంజుకోలే," అన్నాడు నిద్రలేచిన సారు.

"అవ్. కానీ ఈ పిల్ల గూడ ఎటు పోలే," అన్నాడు రెండో ఆయన.

"ఏం రాయమంటవ్ మరి?"

"స్టాండ్‌బై రాయి. మూడు వారాలకు క్యాంపున్నది గద, ఆదివారం. సగం కోర్టు ఎనిమిది సెకన్లల దాటితే టీంల వేసుకుందం. దాటకపోతే ఇంటికి పంపుదం."

తాతారావుకు ఇది పెద్ద చిక్కు తెచ్చింది. సెలెక్టయితే ఏం చెయ్యాలో తెలుసు, కాకపోతే ఏం చెయ్యాలో తెలుసు. స్టాండ్‌బైకి నిబంధన రాసుకోలేదు. సిద్ధాంతిగారికి ఫోను చేశాడు.

"వాయవ్యంలో నిలబడిందా?" అన్నారు ఆయన.

"నిలబడిందండీ. కదల్లేదండీ."

"బంతి ఎవరైనా లాక్కున్నారా?"

"ఒక్కరి వల్ల కూడా కాలేదండీ!"

"చూశావా మరి? శాస్త్రం పనిచేసింది. సాధన రెట్టింపు చేయించు. గీత మాత్రం దాటనివ్వకు."

ఆ సాయంత్రం నుంచి యుటిలిటీలో గంట కాస్తా రెండు గంటలైంది. సుద్దగీత పోయి పెయింటు గీత వచ్చింది. తాతారావు హాల్లో కూర్చుని పేపరు చదువుతూ చప్పుడు వింటాడు. చప్పుడు ఆగితే లేచి వస్తాడు.

మూడోరోజు ఇంద్రమ్మ పైకి వచ్చింది. ఆమె మాట్లాడింది కనకరత్నంతోనే, అదీ గొంతు తగ్గించి. "నా పార్కింగుల కారు లేదు, ఏం లేదు. ముందటి దారితోని కలిపి ఏడు పిల్లర్ల పొడుగుంటది. పోరిని పంపు, ఉరుకుతది."

"అది ఆగ్నేయం పిన్నిగారూ. గాలీ నిప్పూ కలిస్తే బంతి పేలిపోతుందంటారు ఈయన."

"నా జాగల నలభై ఏండ్లు పొయ్యి పెట్టిన, ఊదిన. ఏం పేలింది? జర ఆలోచించు."

కనకరత్నం ఒక రాత్రంతా ఆలోచించింది. మర్నాడు వైశాలి దగ్గర నుంచి బడిలో పారేసిన ఒక బోడి బంతి తెప్పించింది. సాయంత్రం అయిదున్నరకు తాతారావు హాల్లో పేపరు విప్పగానే శ్రీసుధ అసలు బంతితో వంటింటివైపు వెనక మెట్లమీదుగా సెల్లారుకు దిగింది. కనకరత్నం చీర కుచ్చిళ్లు దోపుకుని, యుటిలిటీ తలుపు ఓరగా వేసి, నాలుగు పలకల మధ్య నిలబడి బోడి బంతి కొట్టడం మొదలుపెట్టింది.

మొదటిరోజు చప్పుడు కుంటుతూ వచ్చింది. "ఏంటమ్మా, తాళం తప్పుతోంది!" అని ఆయన హాల్లోంచి కేకేశాడు. వారం తిరిగేసరికి చప్పుడు కుదిరింది. రెండోవారంలో ఆయన పేపరు పక్కన పెట్టి కళ్లు మూసుకుని వినడం మొదలుపెట్టాడు. "ఏమోయ్, వింటున్నావా? ఎంత స్థిరంగా పడుతోందో దెబ్బ! గీతకున్న మహత్యం అది," అన్నాడు వంటింటివైపు తిరిగి. వంటింట్లో ఎవరూ లేరు. కనకరత్నం అప్పుడు ఎడమచేతికి మారుతోంది. పాలవైపు చూస్తూ.

సెల్లారులో శ్రీసుధ మొదటిరోజు ఒక స్తంభం దగ్గర నిలబడే బంతి కొట్టింది. ఇంద్రమ్మ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది, చేతిలో వైశాలి ఇచ్చిన స్టాప్‌వాచీ.

"నడువు బిడ్డా. ఈడ ఎవ్వలు గీత గియ్యలే."

"కాలు రావట్లేదు మామ్మా."

"వస్తది. బర్రెను గూడ విడిసిపెడితే మొదటి దినం గుంజ కాడనే తిరుగుతది."

నాలుగోరోజుకు రెండో స్తంభం దాటింది. పదోరోజుకు ఏడు స్తంభాలూ, అంటే సగం కోర్టంత దూరం, దాటింది. ఇరవై సెకన్లు పట్టింది. నిన్నటికి పదకొండుకు దిగింది. ఇంకా మూడు సెకన్లు మిగిలాయి. ఆ మూడు సెకన్లు నాలుగో స్తంభం దగ్గర పోతున్నాయి. అక్కడికి రాగానే శ్రీసుధ కుడిపక్కకు ఒకసారి చూస్తుంది, మిషను ఉందేమోనని.

"గదొక్కటి నేను సూసి సరిజేస్త," అని వైశాలి మాటిచ్చింది. కానీ ఆమెకు రోజూ సాయంత్రం బస్సు డ్యూటీ. ఖాళీ దొరికింది ఈ శనివారం ఒక్కటే. అయిదున్నరకు సెల్లారుకు వస్తుంది. క్యాంపు ఆ మర్నాడే.

ఇంతవరకూ బాగానే ఉంది. నిన్న రాత్రి అన్నాల దగ్గర తాతారావు మజ్జిగ పోసుకుంటూ మహా సంతోషంగా చెప్పాడు. సిద్ధాంతిగారు వనస్థలిపురంలో ఎవరిదో గృహప్రవేశానికి వస్తున్నారట. పనిలో పనిగా శనివారం సాయంత్రం మనింటికి వస్తారట. ఇన్నాళ్లూ ఫోనులో చెప్పిన శాస్త్రం ఎలా పనిచేస్తోందో కళ్లారా చూస్తారట. యుటిలిటీ ముందు ఆయనకు కుర్చీ వేయించాలట.

"ఎన్ని గంటలకు నాన్నా?" అంది శ్రీసుధ.

"అయిదున్నరకమ్మా. నీ సాధన టైముకే రమ్మన్నాను."

కనకరత్నం చేతిలో గరిట కిందపడింది. పడి, ఒకసారి ఎగిరింది. ఆమె చెయ్యి దానంతటదే సాగి, చూడకుండానే పట్టుకుంది. తాతారావు ఆ పట్టు చూసి మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. అనుమానం వచ్చిందో ఏమో, ఇంకా తెలీదు.

ఇప్పుడు చెప్పండి బాబూ, మీ కాళ్లకు మొక్కుతాను. శ్రీసుధ యుటిలిటీలో ఉంటే ఆ మూడు సెకన్లు నాలుగో స్తంభం దగ్గరే ఉండిపోతాయి, ఆదివారం ఇంటికి పంపుతారు, బంతి అటకెక్కుతుంది. సెల్లారులో ఉంటే సిద్ధాంతిగారి ముందు కుచ్చిళ్లు దోపుకుని కనకరత్నం దొరుకుతుంది, ఆ సాయంత్రమే బంతి అటకెక్కుతుంది. జ్వరమని పడుకుందామంటే చప్పుడు లేదని ఇంద్రమ్మ స్టాప్‌వాచీతో సహా పైకి వస్తుంది. నిజం చెప్పేద్దామంటే, ఆగ్నేయంలో రెండు వారాలు బంతి ఆడిందని విన్నాక తాతారావు ఫ్లాటుకు శాంతి చేయిస్తాడు, ముందు అటక నిచ్చెన తెస్తాడు. వాస్తు తెలిసినవాళ్లు, బాస్కెట్‌బాల్ తెలిసినవాళ్లు, కనీసం మొగుడికి ఏదైనా చెప్పి ఒప్పించిన అనుభవం ఉన్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే ఒక్క దారి చెప్పండి. ఈరోజు గురువారం. ఉత్తరం రాస్తే అందదు, ఫోనే చెయ్యండి. పగటిపూట చెయ్యండి, ఆయన ఆఫీసులో ఉంటాడు. ఒకవేళ ఎవరూ ఎత్తకపోతే విసుక్కోకుండా మోగనివ్వండి. కనకరత్నం ఈమధ్య పగలు కూడా యుటిలిటీలోనే ఉంటుంది, బంతి ఆపి రావాలి.